నలుపు కోసం

చొక్కా పైకెత్తి పడుకున్నాడు షేహ్‌ముస్.
చల్లని జెల్ తగలగానే
పొట్ట ఉలిక్కిపడింది, మనిషి నవ్వాడు.
గది నిండా బొగ్గు వాసన, జీలకర్ర వాసన.
ముప్పై ఏళ్ళుగా ఉర్ఫాలో తెల్లవారకముందే
గొర్రె కార్జం కాల్చి అమ్మే చేతులవి,
ఎంత రుద్దినా పోదు.

తెర మీద అతని కాలేయం
పండు వెన్నెట్లో సున్నపు గోడలా ఉంది.
"ఎంత వెలుగో!" అన్నాడు మెడ తిప్పి.
వెలుగంటే దేవుడి సంగతనుకునే మనిషికి
ఎలా చెప్పను?
ఇక్కడ వెలుగంతా కొవ్వు, ఉస్తా.
పక్కనున్న మూత్రపిండం చూడు, ఎంత నల్లనో.
దానికి తోబుట్టువులా ఉండాలి ఇది.

మా ఊళ్ళో ప్రాణమంత ఇష్టమైనవాళ్ళని
"జియేరిమ్" అంటాం, నా కార్జమా అని.
బిడ్డని పిలిచేదీ ఆ మాటతోనే,
ఇనప పుల్లకి గుచ్చి అమ్మేదీ ఆ మాటతోనే.
రిపోర్టులోనూ అదే రాశాను:
జియేర్. రెండో గ్రేడు.

"రంజాన్ వస్తోందిగా," అన్నాడు గుండీలు పెట్టుకుంటూ,
"ముప్పై ఒక్కపొద్దులు. అల్లా కడిగేస్తాడు."

పండగయ్యాక వచ్చాడు,
మూడు కిలోలు పెరిగి.
అదే గోడ, ఇంకో పూత వేసినట్టు.
నేనడగకుండానే లెక్క చెప్పుకున్నాడు:
కోట మీద ఫిరంగి మోగగానే
అతిమధురం షర్బత్ రెండు లోటాలు,
అక్రోటు చుట్టి పాకంలో ముంచిన షిల్లిక్,
ఆపైన అన్నం, ఆపైన మళ్ళీ తీపి,
సహరీకి వెన్నోడే రొట్టెలు, వాటి మీద నిద్ర.
"పగలంతా నోరు కట్టేసుకున్నా కదా డాక్టరమ్మా!"

కట్టేశావు సరే,
పొద్దు గుంకాక పలుపు తెంచుకున్న ఎద్దు సంగతో?
అనలేదు.
నేను ఒక్కపొద్దుండను.
ఆ నెలంతా బీరువా తలుపు చాటున టీ తాగేదాన్ని,
ఎవరికి ఏం చెప్పగలను.

మరుసటేడు ఇరవై తొమ్మిదో నాడు
మిట్టమధ్యాహ్నం వచ్చాడు, పెదాలు ఎండి.
బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు,
మేకుతో పొడిచినవి, వంకరగా.

కొట్లో పనికి కుదిరాడట యమాన్,
అలెప్పో నుంచి అమ్మమ్మతో వచ్చిన కుర్రాడు.
ఫిరంగి మోగితే మూడు ఖర్జూరాలు, నీళ్ళు,
ఒక గిన్నె పప్పు చారు.
లేచి పుల్లలు కడుక్కుంటాడు.
"ఇంకా తినవేంరా?"
"ఆకలి తీరింది కదా మామా."

"ఆకలి తీరడమని ఒకటుంటుందని
యాభై రెండేళ్ళకి విన్నాను డాక్టరమ్మా,
అంతవరకూ పళ్ళెం ఖాళీ అవడమే తెలుసు."

మీట పెట్టి చూశాను.
పెచ్చులూడుతోంది సున్నం.
"నల్లబడిందా?"
బూడిద రంగుకొచ్చింది.
"ఒక్కపొద్దు వల్లేనా?"

ఏమో.
ఉపవాసమో, ఆ కుర్రాడి మాటో,
తగ్గిన ఏడు కిలోలో,
రాత్రి నమాజయ్యాక ఇంటిదాకా నడకో.
పుణ్యాన్నీ పథ్యాన్నీ విడదీసి చూపే మీట
నా యంత్రానికి లేదు.
ఒకటో గ్రేడు అని మాత్రం రాశాను.
అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
తాయెత్తులా జేబులో దాచుకున్నాడు.

ఎల్లుండే పండగ.
మావాళ్ళు దాన్ని చక్కెర పండగంటారు.
జాగ్రత్త, అన్నాను.

పండగ నాలుగో నాటి తెల్లవారుజామున
డ్యూటీ దిగి అటుగా వెళ్ళాను.
బల్బు కింద పచ్చి కార్జం ఎత్తి పట్టుకుని
కత్తి మొనతో చూపించాడు:
"చూడు, దీనికే గ్రేడూ లేదు.
ఎన్నడూ ఒక్కపొద్దుండలేదు. గడ్డి మేసింది, కొండెక్కింది."
ముదురెరుపు, దాదాపు నలుపు.
యమాన్ పొయ్యి విసురుతున్నాడు.

గల్లాపెట్టె పక్కన చక్కెర బిళ్ళల డబ్బా,
మూత మీద
కిలో తూకం రాయి.